కప్పను చేపలా పెంచితే

గాజువాక నుంచి అక్క కూతురు ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు. "మావయ్యా, కప్ప చచ్చిపోయింది. నీళ్ల మీద తేలుతోంది, కాళ్లూ చేతులూ బార్లా చాపేసింది" అంది. వీడియో కాల్ పెట్టమన్నాను. అక్వేరియం ట్యాంకులో బొటనవేలంత కప్ప, నాలుగు కాళ్లూ చాపుకుని, ముక్కు కొస మాత్రం నీటి పైన పెట్టి, బొమ్మలా ఉంది. "వేలు ముంచి నీళ్లు ఒక్కసారి కదుపమ్మా" అన్నాను. కదిపిందో లేదో, కప్ప బాణంలా అడుక్కి దిగి రాయి చాటుకి పోయింది. చావడం కాదు, కునుకు తీస్తోంది. ఈ జాతి కప్పలకి అలా తేలుతూ సేదదీరే అలవాటు ఉంది.

రెండు వారాలకి అది నిజంగానే చచ్చిపోయింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఫిల్టర్ తిరుగుతోంది, అదే ట్యాంకులో గప్పీలు హుషారుగా ఈదుతున్నాయి. చేపలకి బాగున్న నీళ్లు కప్పకి ఎందుకు పడలేదన్నది అక్క కూతురి ప్రశ్న. విశాఖ ఎంవీపీ కాలనీలో నా ట్యాంకులో మొదటి రెండు జతలూ ఇలాగే పోయాయి కాబట్టి ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. నీళ్లలో ఉంటుంది కదా అని కప్పని చేపల లెక్కలో వేసేస్తాం. షాపువాళ్లూ అలాగే అమ్ముతారు. తేడా అంతా దాని తోలులో ఉంది. అక్కడికి వెళ్లే ముందు, ఇంటికి తెచ్చింది అసలు ఏ కప్పో చూసుకోవాలి.

చేతివేళ్లు చూసి కొనండి

మనం మాట్లాడుకుంటున్నది ఆఫ్రికన్ డ్వార్ఫ్ ఫ్రాగ్ గురించి. శాస్త్రనామం హైమెనోకైరస్. కామెరూన్, గబాన్, కాంగో ప్రాంతాల్లో అడవి నీడన నెమ్మదిగా పారే వాగులూ, మడుగులూ దీని సొంతూరు. పూర్తిగా ఎదిగినా మూడు నాలుగు సెంటీమీటర్లు దాటడం తక్కువ. జాగ్రత్తగా చూసుకుంటే ఐదేళ్ల దాకా బతుకుతుంది. జీవితమంతా నీళ్లలోనే గడిపినా, గాలి మాత్రం పైకి వచ్చి ఊపిరితిత్తులతో పీల్చుకుని పోతుంది.

చిక్కు ఏమిటంటే, దీని పేరు మీద ఇంకో కప్ప చలామణీ అవుతుంటుంది. ఒళ్లంతా తెలుపు, కళ్లు ఎరుపు, పిల్లగా ఉన్నప్పుడు చాలా ముద్దుగా ఉంటుంది. అది జెనోపస్, ఆఫ్రికన్ క్లాడ్ ఫ్రాగ్. ఎదిగితే అరచేయంత అవుతుంది, పదిహేనేళ్లు బతుకుతుంది, నోట్లో పట్టే చేపనల్లా మింగేస్తుంది. పోల్చుకోవడం తేలిక: ముందు కాళ్ల వేళ్లు చూడండి. డ్వార్ఫ్ కప్పకి నాలుగు కాళ్లకీ వేళ్ల మధ్య పొర ఉంటుంది. జెనోపస్‌కి వెనక కాళ్లకే పొర, ముందు వేళ్లు మన వేళ్లలా విడివిడిగా ఉంటాయి. కళ్లు కూడా నెత్తిమీదికి తిరిగి ఉంటాయి.

ఈ జెనోపస్‌కి ఓ చరిత్ర ఉంది. 1930లలో గర్భం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి స్త్రీ మూత్రాన్ని ఆడ జెనోపస్ తోలు కిందికి ఎక్కించేవారు. గర్భం ఉంటే కప్ప ఒక రోజు లోపలే గుడ్లు పెట్టేది. అలా ఆస్పత్రులకీ ప్రయోగశాలలకీ ప్రపంచమంతా ఎగుమతి అయ్యాయి. చాలా దేశాల్లో తప్పించుకునో, వదిలేస్తేనో చెరువుల్లో స్థిరపడిపోయి ఇప్పుడు తలనొప్పిగా తయారయ్యాయి. తెలియక కొన్నవాళ్లు దాన్ని వేరే పెద్ద ట్యాంకులో పెంచుకోవడమే మార్గం. డ్వార్ఫ్ కప్పలతో కలిపితే వాటినీ తినేస్తుంది.

ఒంటితో తాగే జీవి

ఇక తోలు సంగతి. కప్ప నోటితో నీళ్లు తాగదు, ఒంటితో తాగుతుంది. దాని రక్తంలో ఉప్పు ఉంది, బయట ఉన్నవి మంచినీళ్లు. రాత్రి శనగలు నానబోస్తే పొద్దుటికి ఉబ్బుతాయి కదా, సరిగ్గా అలాగే నీరు దాని తోలులోంచి లోపలికి పోతూనే ఉంటుంది. శనగకీ కప్పకీ ఉన్న తేడా మూత్రపిండాలు. చిల్లుపడిన పడవలో కూర్చుని డబ్బాతో నీళ్లు తోడి పోసేవాడిలా అవి రాత్రీ పగలూ నీటిని బయటికి పంపుతూ ఉంటాయి. పోతూ పోతూ ఉప్పులు కూడా పోకుండా తోలే వాటిని మళ్లీ నీళ్లలోంచి లాక్కుంటుంది.

నీళ్లు దూరే తోలులోంచి మిగతావీ దూరతాయి: క్లోరిన్, రాగి, అమోనియా, చేతికి రాసుకున్న క్రీమ్, శానిటైజర్, సబ్బు. చేపకి పొలుసు ఉంది, పైన జిగురు పొర ఉంది, మొప్పల దగ్గర తప్ప మిగతా ఒంటికి కొంత రక్షణ ఉంది. కప్ప మాత్రం మొత్తంగా మొప్పలాంటిదే అనుకుంటే లెక్క సరిపోతుంది. అందుకే ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు సబ్బు లేకుండా బాగా కడుక్కోవాలి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి, దాని కారణం తర్వాత చెప్తాను.

దోమల మందు కూడా ఈ పద్దులోకే వస్తుంది. గోడకి గుచ్చే లిక్విడ్ రీఫిల్, కాయిల్, స్ప్రే, వీటిల్లో సాధారణంగా ఉండేది పైరెత్రాయిడ్ జాతి రసాయనం. నీటి జీవులకి అది విషం. గదిలో గాలిని ట్యాంకులోకి తోడి పోసే ఎయిర్ పంపు ఆ పొగని కూడా తోడి పోస్తుంది. కాబట్టి దోమల సీజన్లో ట్యాంకు ఉన్న గదిలో దోమతెర కట్టుకోవడం మేలు. వీధిలో ఫాగింగ్ బండి మోత వినబడగానే కిటికీలు మూసి, పొగ పోయేదాకా పంపు ఆపేస్తే సరి. కప్పకి గాలి పైనుంచి అందుతుంది, ఆ కాసేపటికి ఏమీ కాదు.

విశాఖ నీళ్లు, మూడు రకాలు

మన ఊళ్లో ట్యాంకు నింపడానికి దొరికేవి మూడు. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లు, అపార్ట్‌మెంట్ బోరు, ఆర్వో.

కుళాయి నీళ్లు రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ లాంటి రిజర్వాయర్ల నుంచి శుద్ధి అయ్యి, క్లోరిన్ కలిపి వస్తాయి. ఒట్టి క్లోరిన్ అయితే ఒక రోజు మూత లేని బకెట్లో గాలి కొడుతూ ఉంచితే పోతుంది. అదే అమోనియాతో కలిసి క్లోరమీన్ అయితే అలా పోదు. అందుకే షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే డీక్లోరినేటర్ ప్రతిసారీ వాడడం నా అలవాటు. వానాకాలంలో కుళాయి తిప్పగానే బ్లీచింగ్ వాసన గుప్పుమన్న రోజున నీళ్లు మార్చడం మానేస్తాను. ఇంకో ప్రమాదం మన బిల్డింగులోనే ఉంది. సంపునీ, మేడ మీద ట్యాంకునీ కడిగించినప్పుడు బ్లీచింగ్ పౌడర్ ఓ చెయ్యి ఎక్కువే వేస్తారు. వాచ్‌మన్‌ని అడిగి ఆ రోజు తెలుసుకోండి. నా రెండో జత పోయింది ఆ వారమే.

బోరు నీళ్లలో ఖనిజాలు ఎక్కువ, బీచ్‌కి దగ్గరి వీధుల్లో కొన్నిచోట్ల ఉప్పదనం కూడా ఉంటుంది. నోట్లో వేసుకుంటే ఉప్పగా తగిలిన నీళ్లు కప్పకి పనికిరావు. ఆర్వో నీళ్లు మరీ అవతలి కొస. ఖనిజాలన్నీ తీసేసిన నీళ్లలో కప్ప ఒంట్లోంచి ఉప్పులు మరింత కారిపోతాయి, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ కూడా నిలకడగా ఉండదు. క్యాన్ నీళ్లు స్వచ్ఛమైనవి కదా అని కప్పకి పోసేవాళ్లు ప్రేమ కొద్దీ చేసే తప్పు ఇది. బోరుతో కలిపి వాడుకుంటే మాత్రం ఆర్వో బాగా పనికొస్తుంది. పీహెచ్ 6.5 నుంచి 7.8 మధ్యలో, రోజుకో రకంగా మారకుండా ఉంటే చాలు.

నీళ్లు ఎంత తేటగా ఉన్నా అందులో కంటికి కనబడనిది అమోనియా. కప్ప విసర్జించేది అదే, తినకుండా వదిలేసిన మేత కుళ్లితే వచ్చేదీ అదే. ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడిన బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆదివారం ట్యాంకు కొని, నింపి, సాయంత్రానికి కప్పలు వేసేస్తే ఆ నెల రోజులూ అవి తమ మూత్రంలోనే ఉంటాయి. షాపులో చుక్కల మందు పోసి రంగు చూసే టెస్ట్ కిట్ ఉంటుంది. బొమ్మ కోటల మీద, బుడగలొదిలే శంఖాల మీద పెట్టే డబ్బు దాని మీద పెట్టండి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే కప్పని తేవాలి. తర్వాత వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చాలి. స్పాంజిని కుళాయి కింద కాకుండా, తీసిన పాత నీళ్లలోనే పిండాలి. లేకపోతే క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చి కథ మళ్లీ మొదటికొస్తుంది.

ట్యాంకు విషయం పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. రెండడుగుల ట్యాంకు మూడు నాలుగు కప్పలకి బాగా సరిపోతుంది. ఒంటరిగా ఉంచకండి. నీటి ఎత్తు ఒక అడుగు మించకపోతే పైకి వచ్చి గాలి పీల్చడం తేలిక. నోట్లో పట్టే సైజు గులకరాళ్లు వేస్తే మేతతో పాటు మింగేస్తాయి, సన్న ఇసుకో పెద్ద రాళ్లో మేలు. స్పాంజ్ ఫిల్టర్ చాలు, హోరుమని నీళ్లు తోసే పవర్ ఫిల్టర్ వద్దు. మూత మాత్రం తప్పనిసరి, నీటికీ మూతకీ మధ్య రెండు మూడంగుళాల గాలి వదలాలి. మూతలో పైపు కోసం చేసిన సందులోంచి నా కప్ప ఒకటి బయటికి వచ్చేసింది. మర్నాడు సోఫా కింద, చింతపండు తొక్కలా ఎండిపోయి దొరికింది.

మే నెల గండం

ఈ కప్పకి 24 నుంచి 27 డిగ్రీల నీళ్లు హాయి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో తప్ప మనకి హీటర్‌తో పని లేదు. మన బాధ రెండో వైపు. మే నెలలో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు 31, 32 చూపించడం మామూలే.

ఇంటర్నెట్‌లో అందరూ చెప్పే చిట్కా, నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెట్టమని. హైదరాబాద్‌లో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇక్కడ చేయదు. ఫ్యాన్ నీటిని చల్లబరిచేది ఆవిరి చెయ్యడం వల్ల. సముద్రపు తేమ పట్టిన గాలిలో నీరు అంత త్వరగా ఆవిరి కాదు. మన చెమట ఆరని రోజున ట్యాంకూ చల్లబడదు. నేను చూసినంతలో ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే గొప్ప. పడమటి గోడకి దూరంగా, నేలకి దగ్గరగా ట్యాంకు పెట్టడం, పగలు లైటు ఆపేయడం, మధ్యాహ్నం ఫ్రీజర్లో గడ్డకట్టించిన నీళ్ల సీసాని మూత బిగించి తేలవెయ్యడం, ఇవి కొంత నయం. ఒకేసారి రెండు డిగ్రీల కంటే ఎక్కువ దించకూడదు. ఏసీ గదిలోకి మార్చగలిగితే ఈ హైరానా ఏదీ అక్కర్లేదు.

వేడి ఎందుకంత చెడ్డదంటే అమోనియాతో దానికి ఉన్న జత వల్ల. నీటిలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది, విషం ఒక రూపానికే ఎక్కువ. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 అయితే ఆ విషపు రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8కి వెళ్తే ఐదు వంతులు దాటుతుంది, అదే పీహెచ్‌లో నీళ్లు 30 డిగ్రీలకి వేడెక్కితే ఏడు దాటుతుంది. అంటే జనవరిలో బోరు నీళ్లతో నెట్టుకొచ్చిన ట్యాంకు మేలో అదే మురికికి దెబ్బతింటుంది. ఈ వేసవి జాగ్రత్తల్లో చాలామంది మర్చిపోయేది మేడ మీది సింటెక్స్. మధ్యాహ్నం మూడింటికి అందులోంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. నీళ్లు మార్చడం తెల్లారుజామునే అయిపోవాలి.

తుఫాను మాటకొస్తే కప్పకి చేప కంటే ధైర్యం ఎక్కువ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో చాలా ఇళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గినా కప్ప పైనుంచి గాలి తెచ్చుకుంటుంది. దెబ్బ తినేది ఆక్సిజన్ మీద ఆధారపడ్డ ఫిల్టర్ బ్యాక్టీరియా. కరెంటు లేనన్నాళ్లూ మేత ఆపేయండి, ఎదిగిన కప్ప మూడు నాలుగు రోజులు తినకపోయినా ఏమీ కాదు. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఇంట్లో ఉంటే ఇంకా నిశ్చింత.

ప్రమిదలో భోజనం

ఈ కప్పకి నాలుక లేదు. చూపు అంతంతమాత్రం. వాసన పట్టుకుని, నీటి కదలికని ఒంటితో గ్రహించి మేతని వెతుక్కుంటుంది. దొరికాక నోరు టక్కున తెరిచి నీటితో సహా లోపలికి లాక్కుంటుంది. పెద్ద ముక్క అయితే ముందు చేతులు రెండూ వాడి, ఆకలేసిన పసివాడు ముద్ద కుక్కుకున్నట్టు లోపలికి తోసుకుంటుంది.

చేపల మీద చల్లే రేకుల మేత అందుకే దండగ. కప్ప వాసన పట్టేలోగా గప్పీలు ఊడ్చేస్తాయి. మేత వేస్తూనే ఉన్నాం, కప్ప మాత్రం చిక్కిపోతోంది అనేవాళ్ల ఇంట్లో జరిగేది ఇదే. నేను దీపావళికి కొన్న మట్టి ప్రమిద ఒకటి, నూనె తగలనిది, ట్యాంకు మూలన పెట్టాను. ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ ముక్కని గిన్నెలో కరిగించి, సూది తీసేసిన సిరంజితో పీల్చి, ప్రమిదలోకి నెమ్మదిగా వదులుతాను. వారం రోజుల్లో వాటికి అలవాటైపోయింది. సిరంజి నీళ్లని తాకగానే మూడూ బయల్దేరతాయి. ముందున్నది పురుగుకి సెంటీమీటరు దూరంలో ఆగి అటూ ఇటూ తడుముకుంటుంది. వెనక వచ్చింది తొందరపడి దాని కాలు పట్టుకుంటుంది. కాసేపు లాగులాట, ఇద్దరికీ ఏమీ దొరకదు. మూడోది ఈలోగా ప్రమిద ఎక్కి కూర్చుంటుంది. పావుగంట పడుతుంది ఈ భోజనం. మిగిలినది అదే సిరంజితో పీల్చేయాలి.

పిల్ల కప్పలకి రోజూ, ఎదిగినవాటికి రోజు విడిచి రోజు చాలు. బ్రైన్ ష్రింప్, మునిగే గుళికలు మార్చి మార్చి పెట్టొచ్చు. ఎండబెట్టిన పురుగుల్ని ముందు నానబెట్టాలి. ప్రాణంతో అమ్మే ట్యూబిఫెక్స్ పురుగుల్ని మాత్రం నేను కొనను. అవి పెరిగేది మురుగులో, ఆ మురుగుతోనే వస్తాయి.

ఉప్పు, రంగు మందు, ఉబ్బు

మళ్లీ గాజువాక ట్యాంకు దగ్గరికి. గుచ్చి గుచ్చి అడిగితే తేలింది. అంతకు ముందు వారం గప్పీలకి తెల్ల మచ్చలొచ్చాయి. షాపులో అడిగితే కల్లుప్పు రెండు చెంచాలు, రంగు మందు పది చుక్కలు వెయ్యమన్నారు. వేసింది. చేపలకి తగ్గింది. ఆ సలహా చేపల వరకు తప్పేమీ కాదు, అందుకే చేపలు బతికాయి. తెల్లమచ్చల మందుల్లో తరచుగా మలకైట్ గ్రీన్, ఫార్మాలిన్, కొన్నిటిలో రాగి ఉంటాయి. పొలుసు మీద పడే మోతాదు, ఒంటితో తాగే జీవి మీద పడింది. పరీక్ష చేయించలేదు గానీ నా అనుమానమంతా దాని మీదే. చేపలకి జబ్బు చేస్తే చేపల్ని వేరే తొట్టెలోకి తీసి అక్కడ మందు వెయ్యాలి.

ఇంకో సాధారణ జబ్బు ఉబ్బు. ఒక పొద్దున చూస్తే కప్ప బెలూన్‌లా ఉంటుంది. చాలామంది తిండి ఎక్కువైందనో, మలబద్ధకమనో అనుకుంటారు. పొట్ట మాత్రమే కాస్త లావుగా ఉండి, రెండు రోజులు మేత ఆపితే తగ్గితే అది అజీర్తే. కాళ్లూ, మెడా కూడా ఉబ్బి, తోలు కింద నీళ్లు నిండినట్టు మెరుస్తుంటే మాత్రం పడవలో నీళ్లు తోడేవాడు చేతులెత్తేశాడని అర్థం. మూత్రపిండాలు పాడై ఉండొచ్చు, బ్యాక్టీరియా సోకి ఉండొచ్చు, కప్పల్లో లింఫ్ అనే ఒంటి ద్రవాన్ని తోసే చిన్న లింఫ్ గుండెలు దెబ్బతిని ఉండొచ్చు. పశువైద్యుడు సూదితో నీరు తీస్తే నాలుగు రోజులు తేలికపడుతుంది, కారణం అలాగే ఉంటే మళ్లీ నిండుతుంది. ఇంట్లో సూది పట్టుకునే సాహసం చేయకండి. నిజం చెప్పాలంటే ఈ స్థితి నుంచి తేరుకున్న కప్పలు తక్కువ.

తోలు కుబుసంలా ఊడుతుంటే కంగారు వద్దు. వారం పది రోజులకోసారి అది మామూలే, విడిచిన తోలుని అదే తినేస్తుంది. ఊడిన తోలు పేలికలుగా వేలాడుతూ రోజుల తరబడి వదలకపోతే, కప్ప తిండి మానేసి మందకొడిగా ఉంటే, అప్పుడు ఆలోచించాల్సింది కైట్రిడ్ అనే బూజు గురించి. 1999లో శాస్త్రవేత్తలు దానికి బాట్రకోకైట్రియం డెండ్రోబాటిడిస్ అని పేరు పెట్టారు. ప్రపంచంలో ఎన్నో కప్ప జాతులు అంతరించడానికి అది కారణం. తోలు ఉప్పుల్ని లాక్కునే పనిని అది చెడగొడుతుంది. రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగిపోతుంది. ఆ బూజుకి 17 నుంచి 25 డిగ్రీలు ఇష్టం, కాబట్టి మనకి అనుమానపడాల్సిన కాలం చలికాలం. బూజుని చంపే ఇట్రాకొనజోల్ మందు ద్రావణంలో ముంచే చికిత్స ఉంది, అది డాక్టర్ చూసి చెయ్యాల్సిన పని. కొత్తగా తెచ్చిన కప్పని నెల రోజులు విడి డబ్బాలో ఉంచి చూస్తే ఈ బెడద చాలావరకు గుమ్మంలోనే ఆగుతుంది.

అందుకే పెంచలేకపోతే ఏ ముడసర్లోవ రిజర్వాయర్‌లోనో, కంబాలకొండ వైపు వాగులోనో వదిలేయడం దయ అనుకోవద్దు. ఆ బూజు గనక ఉంటే మన కప్పలకి అంటుతుంది. ఎవరికైనా ఇచ్చేయండి, షాపులో తిరిగి తీసుకుంటారేమో అడగండి.

పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోమన్నది విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా గురించి. 2009 నుంచి 2011 దాకా అమెరికాలో ఈ డ్వార్ఫ్ కప్పల ట్యాంకుల వల్ల రెండు వందల మందికి పైగా జబ్బుపడ్డారు, ఎక్కువమంది చిన్నపిల్లలు. కప్ప చూడడానికి ఆరోగ్యంగానే ఉంటుంది. ట్యాంకు నీళ్లు వంటింటి సింకులో పారబోయకుండా బాత్‌రూమ్‌లో పోయండి. ఐదేళ్ల లోపు పిల్లల్ని చూడనివ్వండి, ముట్టుకోనివ్వకండి.

అక్క కూతురు ఇప్పుడు కప్పలకి వేరే ట్యాంకు పెట్టింది. ఫిల్టర్లో బ్యాక్టీరియా పెరగడానికి ఐదు వారాలు ఖాళీ నీళ్లకి మేత వేసి, రోజూ టెస్ట్ కిట్ రంగు ఫొటో నాకు పంపి, అప్పుడు మూడింటిని తెచ్చింది. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్. "మావయ్యా, ఎయిర్ పంపు పాడైనట్టుంది. పాత ఫ్రిజ్‌లా గుర్రుమంటోంది" అంది.

ప్లగ్ తీసేసి చూడమన్నాను. తీసింది. గుర్రుమనడం ఆగలేదు.

"ముందు కాళ్ల చంకల వెనక చిన్న తెల్లటి బుడిపె ఉన్నది ఏదో చూడు. అది మగది. పాడుతోంది, పడుకో" అన్నాను.